దుప్పి వేట తుపాకీ, సరైన గుండు: ఒక ఆర్మరర్ చెప్పే నాలుగు మాటలు

(రాయపూర్‌లో జరిగిన మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో పింఛను గురించో, ఆసుపత్రి కార్డు గురించో, పిల్లల చదువుల గురించో ఎవరో ఒకరు మాట్లాడతారు. అవి అవసరమైన సంగతులే. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు సర్వీసంతా తుపాకులతో గడిపారు కదా, వాటి గురించే చెప్పండి" అన్నారు. దానికి కారణం ఉంది. మన కుర్రాళ్లు కొందరు అమెరికా వేటగాళ్ల వీడియోలు చూసి నా దగ్గరికి వస్తున్నారు. "అంకుల్, పెద్ద బోరు రైఫిల్లో దుప్పికి ఏ బుల్లెట్ మంచిది? వాళ్లు ఇంట్లోనే తూటాలు నింపుకుంటున్నారు, అవి ఫ్యాక్టరీ తూటాలకంటే గురిగా పోతాయట, నిజమేనా?" అని అడుగుతున్నారు. అడిగినవాణ్ణి కసిరితే వాడు ఇంకెవరినో అడుగుతాడు. అందుకని ఉన్నది ఉన్నట్టు చెబుదామనే ఈ నాలుగు మాటలు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మన దేశంలో దుప్పిని వేటాడటం నేరం. లైసెన్సు లేకుండా ఇంట్లో తూటా తయారుచెయ్యడం కూడా నేరమే. అది మనసులో పెట్టుకుని వినండి. అయినా ఈ విద్యలో సైనికుడు తెలుసుకోవలసింది చాలా ఉంది. పైగా ఈ విద్యకి పునాది రాళ్లు వేసినవాళ్లలో ఒకాయన మనం కూర్చున్న ఈ మధ్య భారతపు అడవుల్లోనే తిరిగాడు.

మాటలు ముందు సరిచేసుకుందాం

మనవాళ్లు తూటా, గుండు, బుల్లెట్ అన్నీ ఒకటే అన్నట్టు వాడేస్తారు. నేను తూటా అంటే మొత్తం సరుకు. ఇత్తడి ఖోకా, దాని అడుగున ప్రైమరు, లోపల మందు, మూతిన బుల్లెట్. ఈ నాలుగూ కలిస్తే తూటా. ఎగిరి వెళ్లేది బుల్లెట్ ఒక్కటే. అది గోళీలా గుండ్రంగా ఉంటే గుండు అంటాను. రేంజిలో కాల్పులయ్యాక మనం లెక్కపెట్టి అప్పజెప్పే ఖాళీ ఖోకాలు గుర్తున్నాయి కదా! చేత్తో తూటా నింపేవాడు ఆ ఖోకానే శుభ్రంచేసి, సైజుకి నొక్కి, కొత్త ప్రైమరు పెట్టి, మందు తూచి పోసి, తను ఎంచుకున్న బుల్లెట్‌ని మూతిలో కూర్చోబెడతాడు. పని ఇంతే.

ఇంత శ్రమ ఎందుకు? ఫ్యాక్టరీ తూటా వేల రైఫిళ్లకి సరిపోవాలి. అందుకని అది అందరికీ కుట్టిన చొక్కాలాంటిది. చేత్తో నింపిన తూటా ఒక్క రైఫిల్‌కి కొలత తీసి కుట్టినది. అక్కడ కూర్చున్న అక్కచెల్లెళ్లకి ఇంకో రకంగా చెబుతాను. ఆవకాయలో ఉప్పూ కారం ఆవపిండీ ఒక ఏడు ఒక కొలత, ఇంకో ఏడు ఇంకో కొలత పడితే ఏ జాడీ రుచి ఆ జాడీదే అవుతుంది. గురి అంటే కొలతలో తేడా రాకపోవడం. బలం సంగతి దాని తరవాతే.

కెప్టెన్ ఫోర్సైత్ సంగతి

1861లో ఇంగ్లీషువాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్ ఏర్పాటు చేశారు. మన రాయపూర్ కూడా అందులోదే. ఆ రోజుల్లో బెంగాల్ స్టాఫ్ కోర్‌కి చెందిన జేమ్స్ ఫోర్సైత్ అనే ఆఫీసరు ఈ అడవుల్లో పనిచేశాడు. పచ్‌మఢీ కొండమీద బైసన్ లాడ్జి కట్టించినవాడు ఆయనే. ఆయన రాసిన 'ది హైలాండ్స్ ఆఫ్ సెంట్రల్ ఇండియా' 1871లో వచ్చింది. అదే ఏడు, చిన్న వయసులోనే చనిపోయాడు. ఆ పుస్తకం చాలామందికి తెలుసు. దానికి ముందు, 1860లలో, ఆయన రాసిన ఇంకో పుస్తకం తుపాకుల పనివాళ్లకి తప్ప ఎక్కువమందికి తెలియదు. దాని పేరు 'ది స్పోర్టింగ్ రైఫిల్ అండ్ ఇట్స్ ప్రొజెక్టైల్స్'. అంటే వేట రైఫిలూ, దాని గుళ్లూను.

అప్పటి తుపాకులు చాలామటుకు మూతినుంచి నింపేవే. ప్రతి తూటా చేత్తో నింపినదే, ప్రతి వేటగాడూ తన గుండు తానే పోసుకునేవాడు. మన పల్లెల్లో పంటకాపలాకి లైసెన్సు ఉన్న నాటు తుపాకులు చూసినవాళ్లకి ఈ పద్ధతి కొత్తకాదు. మా ఊళ్లో అలాంటి తుపాకీ ఉన్న ఒక పెద్దాయన మందుని కళ్లతో అంచనా వెయ్యగా నేను ఎప్పుడూ చూడలేదు. చిన్న కొలత గొట్టం ఒకటి ఉండేది. అది కనబడకపోతే ఆ రోజుకి తుపాకీ చూరులోనే ఉండేది.

ఇంతకీ ఫోర్సైత్‌కి వచ్చిన చిక్కేమిటంటే, ఆనాటి రైఫిళ్లలో గాడులు చాలా గట్టిగా మెలితిరిగి ఉండేవి. గుండుచుట్టూ నూనె రాసిన బట్టముక్క చుట్టి కూరేవారు. మందు కాస్త ఎక్కువ పోస్తే గుండు ఆ మెలికని పట్టుకోలేక, గాడుల్ని దాటుకుని జారిపోయేది. అలా జారిన గుండు ఎటుపోతుందో దేవుడికే తెలియాలి. సరే అని మందు తగ్గిస్తే గుండు మెల్లగా పోతుంది. మెల్లగా పోయేది కొండలా వంపు తిరిగి పడుతుంది. మైదానంలో గజాలు కొలిచి కాలిస్తే ఫరవాలేదు. సాల అడవిలో, పొదలమధ్య, ఒక క్షణం కనబడి మాయమయ్యే కణుజు ఎనభై గజాల్లో ఉందో నూటఇరవైలో ఉందో ఎవరు చెప్పగలరు? దూరం అంచనా ముప్పై గజాలు తప్పితే గుండు గుండెకి బదులు పొట్టకో కాలికో తగులుతుంది. జంతువు పారిపోయి ఏ వాగు ఒడ్డునో రెండురోజులు బాధపడి చస్తుంది.

ఫోర్సైత్ చూపిన మార్గం ఇది. గాడుల మెలికని బాగా తగ్గించాలి, గాడుల లోతు తగ్గించాలి. అప్పుడు మందు బాగా పోసినా గుండు జారదు. వేగంగా, దాదాపు తిన్నగా పోతుంది. అడవిలో వేటగాడు కాల్చే దూరాల్లో గజాల లెక్క తప్పినా గురి పెద్దగా తప్పదు. 14 బోరు రైఫిల్‌కి ఆయన చెప్పిన మెలిక 104 అంగుళాలకి ఒక చుట్టు. 14 బోరు అంటే పౌనుకి పద్నాలుగు గుళ్లు. ఒక్కొక్కటి 500 గ్రెయిన్లు, అంటే 32 గ్రాముల పైచిలుకు. వ్యాసం 0.693 అంగుళం.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. 1879లో ఊల్విచ్‌లో ఫిరంగిదళపు ఆఫీసర్లకి లెక్కలు చెప్పిన గ్రీన్‌హిల్ అనే ఆచార్యుడు ఒక సూత్రం తయారుచేశాడు. బుల్లెట్ వ్యాసాన్ని 150తో గుణించి, దాని పొడవు వ్యాసానికి ఎన్ని రెట్లో దానితో భాగిస్తే ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు కావాలో వస్తుంది. గుండ్రటి గుండుకి పొడవూ వ్యాసమూ ఒకటే కాబట్టి భాగించేది ఒకటితో. 0.693ని 150తో గుణించండి. 104 వస్తుంది! సూత్రం పుట్టకముందే ఫోర్సైత్ కాల్చి చూసి పట్టుకున్న అంకె అది. రేంజి రిజిస్టరులో నిజాయితీగా రాసుకున్న లెక్క ఎప్పుడూ వృధా పోదు.

బరువు, పొడవు, మెలిక

గుండ్రటి గుండుకి ఒక లోపం ఉంది, గాలిలో వేగం తొందరగా పోగొట్టుకుంటుంది. అందుకే తరవాత పొడవాటి బుల్లెట్లు వచ్చాయి. అదే బోరులో బరువు పెరగాలంటే పొడవు పెరగాలి. పొడవు పెరిగితే దాన్ని నిలబెట్టడానికి మెలిక ఎక్కువ కావాలి. గ్రీన్‌హిల్ లెక్క చెప్పేది ఇదే. బొంగరం చూడండి, సన్నగా పొడుగ్గా ఉన్నదాన్ని ఎక్కువ వేగంగా తిప్పాలి. కాబట్టి "ఏ బుల్లెట్ మంచిది?" అని అడిగినవాడికి నేనిచ్చే మొదటి జవాబు ఎదురుప్రశ్నే. "నీ బ్యారెల్ మెలిక ఎంత?"

అమెరికాలో దుప్పి వేటకి ఈనాటికీ వాడుతున్న పెద్ద బోరు తూటా .45-70. అది 1873లో వాళ్ల సైన్యం కోసం పుట్టింది. 405 గ్రెయిన్ల సీసపు బుల్లెట్, 70 గ్రెయిన్ల నల్లమందు. మన కుర్రాళ్లు వీడియోల్లో చూసే లీవర్ రైఫిళ్లలో ఎక్కువగా ఇదే ఉంటుంది. దీనికి 300 గ్రెయిన్లనుంచి 500 దాకా బుల్లెట్లు దొరుకుతాయి. 300ది వేగంగా పోతుంది, తక్కువ వంగుతుంది. కాని దాని ముక్కు మరీ పల్చనిదైతే దగ్గర దూరంలో ఎముకకి తగిలి పైపైనే ముక్కలవుతుంది. 405ది మెల్లగా పోతుంది కాని లోపలిదాకా దిగుతుంది. మామూలు ఫ్యాక్టరీ 405ని నూరు గజాలకి జీరో చేస్తే రెండువందల గజాలకి సుమారు రెండడుగులు కిందికి పడుతుంది. రెండడుగులంటే దుప్పి వీపునుంచి దాని కాళ్లమధ్య గాలిదాకా. అందుకని అక్కడి తెలివైన వేటగాడు ఆ రైఫిల్‌తో నూటపాతిక, నూటయాభై గజాలు దాటి కాల్చడు. పెద్ద బోరు అంటే చాలాదూరం కొట్టేది అనుకోవడం మనవాళ్ల పొరపాటు. అది దగ్గర్లో గట్టిగా కొట్టేది.

అలాంటి రైఫిళ్లలో బ్యారెల్ కింద గొట్టంలాంటి మేగజీను ఉంటుంది. అందులో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, ముందుదాని ప్రైమరుమీద వెనకదాని ముక్కు ఆనుకుంటుంది. ముక్కు సూదిగా ఉంటే కాల్చిన కుదుపుకి ప్రైమరు పేలవచ్చు. అందుకే వాటికి చదును ముక్కు బుల్లెట్లే వాడాలి. ఆ చదును ముక్కుకి గాయం కూడా బాగా పడుతుంది. ఎంపికలో ఇలా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒక్క బరువు చూసి కొనేవాడు మోసపోతాడు.

సీసం పోసేవాడి జాగ్రత్తలు

సీసపు బుల్లెట్ ఇంట్లో పోసుకునే దేశాల్లో జాగ్రత్తపరులు చేసేది వినండి. ముందు బ్యారెల్ లోపలి కొలత తీస్తారు. మెత్తటి సీసపు ముక్కని మూతినుంచి దూర్చి, కడ్డీతో నెమ్మదిగా నెట్టి, అటునుంచి బయటికి తీసి మైక్రోమీటరుతో కొలుస్తారు. గాడుల కొలత అచ్చుపడి వస్తుంది. బుల్లెట్ దానికంటే అంగుళంలో వెయ్యోవంతు ఎక్కువ ఉండాలి. తక్కువైతే పక్కనుంచి వేడి వాయువు దూసుకుపోయి సీసాన్ని కరిగించి బ్యారెల్‌కి పూతలా అంటిస్తుంది. ఆ పూత పట్టిన బ్యారెల్ గురి ఇవ్వదు.

తరవాత సీసం గట్టిదనం. వట్టి సీసం మెత్తన, తగరం కలిపితే గట్టిపడుతుంది, యాంటిమొనీ కలిపితే ఇంకా గట్టిపడుతుంది. మరీ మెత్తనైతే వేగానికి గాడుల్లో జారుతుంది. మరీ గట్టిదైతే దుప్పిలో విచ్చుకోకుండా సూదిలా దూసుకుపోతుంది. మధ్యలో ఎక్కడ ఆగాలో ఆ రైఫిలే చెబుతుంది.

పోసిన బుల్లెట్లన్నిటినీ ఒక్కొక్కటే తూస్తారు. తక్కువ తూగినదాంట్లో గాలిబుడగ ఉన్నట్టే. బయటికి నున్నగా మెరుస్తూ ఉంటుంది, లోపల బోలు. అలాంటిది తిరుగుతూ పోయేటప్పుడు ఒకపక్కకి లాగుతుంది. దాన్ని పక్కనపెట్టి మళ్లీ కరిగిస్తారు. ఇక కరిగించేచోట గాలి ఆడాలి, పిల్లలు ఉండకూడదు, నీటిచుక్క పడకూడదు. కాగిన సీసంలో ఒక్క నీటిబొట్టు పడితే ముఖంమీదికి చిమ్ముతుంది.

పరీక్ష కాగితంమీదే

మనం రిక్రూటుగా ఉన్నప్పుడు మొదట నేర్పింది గ్రూపింగు. అయిదు రౌండ్లు ఒకేచోట పడాలి. ఎక్కడ పడ్డాయన్నది తరవాత సంగతి, అన్నీ ఒకచోట పడ్డాయా లేదా అన్నదే ముందు. తరవాత జీరోయింగు. గ్రూపు మధ్యబిందువుని, మనం ఎం.పి.ఐ. అనేదాన్ని, సైట్లు మార్చి గురిమీదికి తెచ్చుకోవడం. తూటా ఎంపిక కూడా అచ్చంగా ఇదే. గ్రూపు ఇవ్వని తూటాకి సైటు తిప్పి లాభంలేదు.

పద్ధతిగా చేసేవాడు ఒక్కసారి ఒక్క మార్పే చేస్తాడు. బుల్లెట్ అదే ఉంచి మందు కొంచెం కొంచెంగా మారుస్తాడు, అదీ తయారీదారు అచ్చువేసిన పట్టికలో హద్దు దాటకుండా. మంచి గ్రూపు దొరికితే మందు అదే ఉంచి బుల్లెట్ ఎంత లోతుకి కూర్చోవాలో మారుస్తాడు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది మేలుచేసిందో తెలియదు. మూడు రౌండ్ల గ్రూపుని నమ్మడు, అదృష్టం కొద్దీ మూడు ఒకచోట పడవచ్చు. అయిదు కాల్చి, బ్యారెల్ చల్లారనిచ్చి, మళ్లీ అయిదు కాలుస్తాడు. అన్నీ రిజిస్టరులో రాస్తాడు. ఒకే కంపెనీ, ఒకే మోడలు, పక్కపక్క నంబర్ల రెండు రైఫిళ్లు కూడా ఒకే తూటాని ఇష్టపడవు. నా సర్వీసులో ఎన్నో బ్యారెళ్లకి గేజి వేసిన అనుభవంతో చెబుతున్నాను, ఏ బ్యారెల్ స్వభావం దానిదే.

ఇది వేటగాళ్లకే కాదు. ఒలింపిక్స్‌కి వెళ్లే షూటర్లు .22 తూటాలు కొనేముందు వేరువేరు లాట్లు తమ బ్యారెల్‌లో కాల్చి చూసి, ఏ లాటు నంబరు బాగా గ్రూపు ఇస్తే అదే మొత్తంగా కొంటారు. వాళ్లు నింపుకోరు, ఎంచుకుంటారు. విద్య ఒకటే.

యుద్ధంలో తప్పు, వేటలో ఒప్పు

సైనికులు ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. కలకత్తా దగ్గరి డమ్ డమ్ ఆయుధ కర్మాగారంలో 1890ల చివర్లో .303కి మెత్తటి ముక్కు బుల్లెట్ తయారుచేశారు. తగలగానే పువ్వులా విచ్చుకునేది. గాయం ఘోరంగా ఉంటుందని ప్రపంచమంతా గోలపెట్టింది. 1899లో హేగ్ సమావేశంలో యుద్ధంలో అలాంటి బుల్లెట్లు వాడకూడదని ప్రకటన చేశారు. అందుకే మన ఎస్.ఎల్.ఆర్.లోనూ ఇన్సాస్‌లోనూ నిండా రాగిలోహపు తొడుగు ఉన్న బుల్లెట్లే కాల్చాం.

వేటలో నియమం తలకిందులు. నిండా తొడుగు ఉన్న సైనిక బుల్లెట్‌తో దుప్పిని కొట్టడం అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నిషేధం. ఎందుకంటే అది విచ్చుకోకుండా దూరిపోతుంది, దుప్పి వెంటనే పడదు, దెబ్బతిని పారిపోతుంది. యుద్ధంలో శత్రువు పోరాటం ఆపితే చాలు, తరవాత అతనికి వైద్యం చెయ్యవలసిన బాధ్యత మనకుంది. దుప్పికి మిలిటరీ ఆసుపత్రి లేదు. ఒక్క దెబ్బకి ప్రాణం పోవాలి, లేకపోతే కాల్చకూడదు. ఒకే బుల్లెట్ ఒకచోట క్రూరం, ఇంకోచోట కనికరం. రెండు నియమాలకీ మూలం ఒక్కటే. అనవసరమైన బాధ పెట్టవద్దు.

అందుకే మంచి వేటగాళ్లు ఒక హద్దు పెట్టుకునేవారు. దుప్పి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల వలయం. ఇసుకబస్తామీద ఆనించి కాదు, అడవిలో కాల్చే భంగిమలోనే, అంటే నిలబడో మోకాలిమీదో, ఎన్ని గజాలదాకా తన అయిదు రౌండ్లూ ఆ వలయంలో పెట్టగలడో అదే అతని హద్దు. కొందరికి అది నూటయాభై గజాలు, కొందరికి అరవై. రైఫిల్ పెట్టెమీద ఏం రాసి ఉన్నా సరే. 'ఏక్ గోలీ, ఏక్ దుష్మన్' అని మనకి నేర్పారు. అందులో దాగి ఉన్న రెండోమాట, నమ్మకంలేని గోలీ పేల్చవద్దు అని.

చట్టం, అడవి, మన రైఫిళ్లు

మన దేశంలో వేటగాడి తూటా సైజుని చాలాసార్లు చట్టమే నిర్ణయించింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో .450 బోరుని ఇంగ్లీషు ప్రభుత్వం ఇక్కడ నిషేధించింది. పాత మార్టినీ-హెన్రీ రైఫిళ్లకి ఆ బుల్లెట్లు పనికొస్తాయని భయం. వెంటనే లండన్ కంపెనీలు .465, .470, .475 అని కొత్త సైజులు తీశాయి. అలాగే .303 సైన్యానిది కాబట్టి పౌరులకి దొరకదు. అందుకని ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసిన .315 స్పోర్టింగ్ రైఫిల్ మనలో చాలామంది ఇళ్లకి వచ్చింది. దాని బుల్లెట్ 244 గ్రెయిన్లు, మెత్తటి ముక్కు. పాత ఆస్ట్రియా సైన్యపు 8 మి.మీ. తూటానే అది. 2021 అక్టోబరునుంచి ఆర్డినెన్సు ఫ్యాక్టరీ బోర్డు ఏడు కంపెనీలుగా మారింది.

ఇక అడవి. 1947లో ఇక్కడి కొరియా సంస్థానం రాజావారు రాత్రిపూట మూడు చీతాల్ని కాల్చారు. మన దేశంలో చివరిసారి నమోదైన చీతాలు అవేనంటారు. గురి తప్పలేదు. కాని గురి ఒక్కటే చాలదని మనకి చెప్పేది కూడా ఆ మూడు కాల్పులే. కాన్హాలో బారాసింగాలు 1970నాటికి 66కి దిగిపోయాయి. అక్కడి ఉపజాతికి సెంట్రల్ ప్రావిన్సెస్ అడవి అధికారి డన్‌బార్ బ్రాండర్ పేరు పెట్టారు, ఆయన స్వయంగా వేటగాడే. కాపాడటం మొదలుపెట్టాక అవి మళ్లీ వందలు దాటి పెరిగాయి.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో వేట లైసెన్సుల మాటే లేకుండా పోయింది. మన పక్కనే ఉన్న బార్నవాపారా 1976లో అభయారణ్యం అయింది. అక్కడి చుక్కల దుప్పిని చూడటానికి జీపు చాలు. ఆయుధాల చట్టం 1959లో అయిదో సెక్షను ప్రకారం తయారీకి లైసెన్సు కావాలి. ఖాళీ ఖోకా, మందు, ప్రైమరు తెచ్చుకుని ఇంట్లో ప్రయోగాలు చేస్తే, మాజీ సైనికుడని పోలీసులు వదలరు. వదలకూడదు కూడా. 2019 సవరణనుంచి ఒక మనిషికి రెండు ఆయుధాలే. మీ లైసెన్సు, మీ తూటాల లెక్క, మీ బీరువా తాళం, ఈ మూడూ ప్రతి ఏడూ సరిచూసుకోండి.

పిల్లలకి చెప్పేది

మరి ఈ విద్య అంతా ఎందుకూ పనికిరాదా? వస్తుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. అదే ఒలింపిక్స్‌లో మన సైన్యానికి చెందిన విజయ్ కుమార్ రజతం తెచ్చాడు. 2004లో కల్నల్ రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్, అప్పటికి మేజరు, ఏథెన్స్‌లో రజతం తెచ్చాడు. ఎవరూ ఏ దుప్పినీ కొట్టలేదు. కాగితంమీద పదో వలయం వెతుక్కున్నారు, ఎగిరే మట్టి పళ్లేన్ని పగలగొట్టారు. మన సంఘంలో పిల్లలకి ఎయిర్ రైఫిల్ నేర్పించే ఏర్పాటు జరగాలని నా కోరిక. నేర్పడానికి ఇక్కడే పదిమంది ఇన్‌స్ట్రక్టర్లు కూర్చుని ఉన్నారు. ఊపిరి ఎక్కడ ఆపాలో, ట్రిగ్గరు ఎలా నొక్కాలో, రిజిస్టరు ఎలా రాయాలో వాళ్లకంటే బాగా ఏ వీడియో చెబుతుంది?

కుర్రాళ్లు అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇది. చేత్తో నింపిన తూటా గురిగా పోతుందా అంటే, నింపినవాడు తేడా రానివ్వకపోతే పోతుంది, తేడా వస్తే ఫ్యాక్టరీదే నయం. పెద్ద బోరుకి ఏ బుల్లెట్ మంచిది అంటే, ఆ బ్యారెల్ ఒకేచోట పెట్టేది, పోవలసినచోటికి దిగేది. అది కాగితంమీద తేల్చుకోవాలి, ప్రాణంమీద కాదు. ఆ పని చెయ్యడానికి చట్టం ఒప్పుకున్న దేశంలో ఉంటే చెయ్యండి. ఇక్కడ ఉంటే రేంజికి రండి.

 ఎయిర్ రైఫిల్ విషయంలో ముందుకొచ్చేవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలిసి పేర్లు రాయించండి.

జై హింద్.